నిండు బుట్ట

ఎర్ర దిలో గింజకీ తెల్ల దిలో గింజకీ తేడా ఏమీ లేదని ఏ చేత్తో సంతకం పెట్టిందో ఆ చేతి మణికట్టు మీదే ఉనాయిసికి కాలింది. ప్రయోగశాలలో వేడి పలక తగిలి నాలుగు రోజులైంది. ఎర్రగా కంది, చుట్టూ పొంగి, తెగ సలుపుతోంది. రాజధాని సువాలో మందులషాపు వాళ్ళిచ్చిన తెల్ల క్రీము ఎందుకూ కొరగాలేదు. ఇప్పుడు పడవలో కూర్చుంటే సముద్రపు తుంపర పడి ఇంకా మండుతోంది. మండనీ అనుకుంది. కడుపులో మంట ముందు ఇదెంత?

ఆమె పుట్టిన ఊరు నసేలా. ఆ ఊరి ఒడ్డున ఉన్న ఎర్ర దిలో చెట్ల తోపు ఉండాలో పోవాలో ఆ సంతకమే తేల్చేసింది. హోటలు కట్టేవాళ్ళు వచ్చి ఆ ఒడ్డు అడిగారు. పడవల రేవు కట్టాలంటే తోపు కొట్టెయ్యాలి. ఊళ్ళో సగం మంది సరేనన్నారు, సగం మంది చస్తే కుదరదన్నారు. చివరికి ఊరి పెద్ద ఒక మాటన్నాడు. మన ఎర్ర దిలో నూనె వాపులకీ పుండ్లకీ మరే దిలో చెయ్యని పని చేస్తుందని తాతల నాటి నుంచీ చెప్పుకుంటున్నాం కదా, అది నిజమైతే ఏటా నూనె కొంటామని ఆక్లాండ్ కంపెనీ వాళ్ళు కూడా అంటున్నారు కదా, సువాలో పరీక్ష చేయించండి, నిజమని తేలితే తోపు ఉంటుంది, తేలకపోతే పోతుంది అన్నాడు. ఆ పరీక్ష తిరిగి తిరిగి ఉనాయిసి బల్ల మీదికే వచ్చింది.

మూడు చోట్ల నుంచి గింజలు వచ్చాయి. నసేలా ఎర్రవి, పక్క ఊరు కోరోసా తెల్లవి, వనువా లేవు దీవి అడవివి. ఎర్ర దిలో గింజ పచ్చిగా ఉన్నప్పుడే ఎరుపు. పెంకు తీసి వారాల తరబడి ఎండబెట్టాక అన్నీ ఒకే గోధుమ రంగుకి తిరిగి ముడతలు పడతాయి, కన్నతల్లి కూడా ఆనవాలు పట్టలేదు. ఉనాయిసి వాటిని దంచింది, సారాయిలో నానబెట్టింది, సారం తీసింది. ఊదారంగు ద్రావకంలో చుక్క చుక్క వేసి చూసింది. సారంలో సత్తువ ఉంటే ఊదా విరిగి పసుపులోకి దిగుతుంది, లేకపోతే ఊదా ఊదాగానే ఉంటుంది. కోడిగుడ్డు తెల్లసొనలో కలిపి వేడి చేసి చూసింది. తెల్లసొన గడ్డకట్టకుండా ఎంతసేపు ఆగితే ఒంట్లో వాపుని అంత ఆపుతుందని లెక్క.

పక్షపాతం చూపిందని రేపు ఎవరూ వేలెత్తకూడదని ఆమె పడ్డ తంటా అంతా ఇంతా కాదు. సీసాల మీద ఊరి పేర్లు తీసేయించి తోటి ఉద్యోగిని చేత అంకెలు వేయించుకుంది. ఏ సీసా ఏ ఊరిదో పరీక్ష పూర్తయ్యేదాకా తనకే తెలియకూడదంది. తీరా అంకెలు విప్పి చూస్తే నసేలాదీ కోరోసాదీ ఒకే కడుపున పుట్టినట్టు పక్కపక్కనే నిలబడ్డాయి. అడవి దిలో మాత్రం వెనకబడింది. మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే. ఇంకోసారి చేసి, ఇంక చాలని తల పట్టుకుని కూర్చుంది. తాతల మాట ఉత్త గొప్పేనన్నమాట. ఏడ్చి, ముఖం కడుక్కుని, ఉన్నదున్నట్టు రాసి సంతకం పెట్టింది. ఆ మాట ఊరికి చేరి రెండు వారాలు కూడా కాకముందే, రేపు పొద్దున చెట్లు కొడతారని కబురొచ్చింది. అందుకే ఈ పడవ.

పడవ నడుపుతున్నది కోరోసా పిల్ల కెలెరా, వరసకి వదిన. నసేలాకీ కోరోసాకీ మూలదేవుడు ఒక్కడే. ఆ రెండూళ్ళ వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు ఎంత తిట్టుకున్నా కోపం తెచ్చుకోకూడదు. ఒకరింట్లోది ఇంకొకరు పట్టుకుపోతే నోరెత్తకూడదు.

"ఏమే వదినా, సువా తిండి తిని కొరడులా ఎండిపోయావు. పడవ ఎంత తేలిగ్గా పోతోందో చూడు, పెట్రోలు మిగిలింది నాకు" అంది కెలెరా.

"నీ ఒక్కదాని బరువు చాల్లే పడవ మునగడానికి."

"నసేలా వాళ్ళ నోటికి గడియ లేదు, చేతికి అంతకన్నా లేదు. మీ పెద్దమ్మ మొన్న మా ఇంటికొచ్చి నా కొత్త చీపురు చంకలో పెట్టుకుని బాగుందే అనుకుంటూ పోయింది. అంతకుముందు చాప. మా అత్త కట్టుడు పళ్ళొక్కటే మిగిలాయి, అవీ ఆవిడ నోటికి పట్టక వదిలేసింది."

ఉనాయిసి నవ్వింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. కెలెరా అది చూసి మోటారు చప్పుడు తగ్గించింది.

"తోపు సంగతి విన్నామే. మా చెట్లకీ మీ చెట్లకీ తేడా లేదట కదా. పుట్టినప్పట్నుంచీ ఎర్ర దిలో ఎర్ర దిలో అని మా నెత్తినెక్కి కూర్చున్నారు మీరు. ఇప్పుడు ఏడిపించే వంతు మాది. ఏడిపిద్దామంటే నోరు రావట్లేదు, ఏం చెయ్యను?"

"ఏడిపించు వదినా, పర్లేదు" అంది ఉనాయిసి. కెలెరా మళ్ళీ మోటారు పెంచింది.

తోపు కనబడింది. వంగి, నీళ్ళ మీదికి చేతులు చాపుకుని ఉండే ఆ ముసలి చెట్లకి ప్రతిదానికీ నడుము చుట్టూ తెల్ల సున్నం గీత ఉంది. కొట్టాల్సిన చెట్లని గుర్తు. ఊళ్ళో పుట్టిన ప్రతి బిడ్డ బొడ్డుతాడూ ఆ తోపులోనే పాతుతారు. ఉనాయిసిది తూర్పు కొసన ఉన్న జంట చెట్టు కింద ఉంది. కాన్పులోనే తల్లి పోతే పెద్దమ్మ సెరెయిమాయే పాతి, పిల్లని ఎత్తుకుని పెంచింది. ఆ జంట చెట్టుకి కూడా గీత ఉంది.

దారిలో కనబడ్డవాళ్ళు ఎవరూ ముఖం చిట్లించలేదు. అలా చిట్లించినా బాగుండేది. "చదువుకున్న పిల్లవి, ఉన్నమాట చెప్పావు తల్లీ, నీ తప్పేముంది" అన్నారు. ఆ మెచ్చుకోలు ఒక్కొక్కటీ చెంపదెబ్బలా తగిలింది. దాని బదులు నాలుగు తిట్టిపోసి ఉంటే తలొంచుకుని పోయేది.

ఇంట్లో అడుగు పెట్టేసరికి పట్టపగలు దీపం వెలుగుతోంది. రేకు దీపంలో దిలో నూనె, గదంతా ఆ చిక్కటి వాసన. సెరెయిమా గోడకి ఆనుకుని చాప మీద కూర్చుని ఉంది. ఆ చేతులు అరవయ్యేళ్ళుగా ఊరందరి నడుములూ మోకాళ్ళూ పిసికిన చేతులు. ఇప్పుడు ఒళ్ళో ఊరికే పడి ఉన్నాయి.

"పగటిపూట దీపమేంటి పెద్దమ్మా?"

"వెలగనీ. ఉత్త నూనెని తేలిందిగా, దీపానికైనా అక్కరకొస్తుంది. సీసాలన్నీ దీనికే పోశాను. తిన్నావా? దలో దుంపలు ఉడికించి పెట్టాను."

ఇంతలో గుమ్మం దగ్గర కర్ర చప్పుడైంది. ముసలి అపిసాయి. వాచిన మోకాలు పట్టుకుని, గడప మీదే కూలబడ్డాడు.

"సెరెయిమా, ఒక్కసారి చెయ్యి పెట్టవే. నిన్నట్నుంచీ కుంటుతున్నా."

"ఆసుపత్రికి పో అపిసాయి. ఇన్నేళ్ళూ నీకు ఉత్త నూనె రాశాను. యంత్రం చెప్పింది."

"యంత్రానికి మోకాళ్ళున్నాయా? నా మోకాలు ఇంకోలా చెబుతోంది మరి."

"నీ మోకాలు నీలాగే ముసలిదైపోయి సోది చెబుతోంది. పో."

అతను ఉనాయిసి వైపు ఒకసారి చూసి, లేచి కుంటుకుంటూ వెళ్ళిపోయాడు. సెరెయిమా దీపం వత్తిని పైకి లాగింది.

"ఒకటడుగుతాను, నిజం చెప్పవే. మన గింజల్లో ఏం తక్కువైంది? మా అమ్మ ఈ నూనెతో విషపు చేప ముల్లు దిగిన కాలు నిలబెట్టింది. నేను నీళ్ళు పోసుకున్న పిల్ల దగ్గర్నుంచి కాటికి పోయే ముసలి దాకా రాశాను. అదంతా ఉత్తదేనా? నేను చేసిందంతా ఉత్తదేనా?"

ఉనాయిసి దగ్గరికి జరిగింది. పెద్దమ్మ పక్కన కూర్చుని ఆ చేతులు తన చేతుల్లోకి తీసుకోబోయింది. అప్పుడు పెద్దమ్మ కంట మణికట్టు పడింది.

"ఏంటిది? ఎప్పుడు కాలింది? నోట్లో నాలుక లేదా నీకు, వచ్చినప్పట్నుంచీ చెప్పవేం? మనుషులవైపు చూసుకోరు, ఒళ్ళు చూసుకోరు, ఇంత ఇంత చదువులు!" అంటూనే ఆవిడ మూలనున్న సీసా అందుకుంది. అడుగున మిగిలిన నాలుగు చుక్కలు అరచేతిలోకి వంచి, ఊది, వేళ్ళ కొసలతో కాలినచోట రాసింది. "ఉత్త నూనే. కాస్త చల్లగానైనా ఉంటుంది."

గంట గడిచిందో లేదో సలుపు పోయింది. పొంగు కూడా దిగినట్టే ఉంది. నాలుగు రోజుల్లో మొదటిసారి ఉనాయిసి వేళ్ళు ముడవగలిగింది. చేతిని వెలుతురులో తిప్పి తిప్పి చూసుకుంది. నా మనసు కోరుకుంటోంది గనక అలా అనిపిస్తోందని తనని తనే కసురుకుంది.

సాయంత్రం టీ కాచడానికి వంటపాకలోకి వెళ్ళింది. పొయ్యి మీద అటకలో నిమ్మాకులు వెతుకుతుంటే తాటాకు బుట్ట ఒకటి చేతికి తగిలింది. దించి చూసింది. ఎండిన దిలో గింజలు, సగానికి కూడా లేవు, కొన్నిటికి పుచ్చు.

"ఇవేంటి పెద్దమ్మా?" అని కేకేసింది.

"ఎర్రవి. ఈ ఏటికి అంతే" అంది సెరెయిమా గుమ్మంలోకి వచ్చి. "తుపానుకి పూతంతా రాలిపోయింది. నిలిచిన నాలుగు కాయలూ గబ్బిలాల పాలు. ఉప్పునీళ్ళు ఎక్కి చెట్ల కింద మొలకలు కూడా మాడిపోయాయి. అవైనా పిండలేదు, ఇంక పిండి ఎవరికి రాయాలని?"

ఉనాయిసి చేతిలో బుట్ట అలాగే ఉండిపోయింది.

"మరి నాకు పంపిన సంచి?"

"అదా! బాగున్నాయా? ఏ ఒక్కటైనా పుచ్చుందా చెప్పు? కోరోసా పోయి, కెలెరా వాళ్ళ అటక మీదవి దించుకొచ్చాను. ఐదు కిలోలు కావాలన్నావు కదా. నువ్వు ఉద్యోగం చేసే చోటికి ఈ పుచ్చుగింజలు సగం సంచి పంపిస్తానా? ఆ పిల్లకి వెనకా ముందూ ఎవరూ లేరనుకోరూ మీ వాళ్ళు? నిండుగా పోసి, మూతి కుట్టి మరీ పంపాను." ఆవిడ ముఖంలో పొద్దున్నించీ లేని వెలుగు కాస్త వచ్చింది. "ఎందుకడిగావు?"

"ఊరికే. బాగున్నాయి పెద్దమ్మా. చాలా బాగున్నాయి."

కోరోసా గింజల్ని కోరోసా గింజలతో పోల్చి, తేడా లేదని సంతకం పెట్టింది. అదీ ఆమె చేసిన శాస్త్రం.

పొయ్యి ముందు కూలబడింది. ఫోనులో తను అన్న మాటలు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. "పెద్దమ్మా, ఐదు కిలోల దిలో గింజలు ఎండబెట్టి పంపు, ఆఫీసుకి కావాలి." అంతే. ఎందుకో చెప్పలేదు. చెప్తే ఏరి ఏరి పంపుతారు, అది న్యాయం కాదని చెప్పలేదు. మన తోపువే అని కూడా అనలేదు, మన ఇంటి గింజలంటే మన తోపువి కాక ఇంకేమవుతాయిలే అనుకుంది. ఐదు కిలోలు కూడా అక్కర్లేదు. మిగతా రెండుచోట్ల నుంచీ ఐదేసి వచ్చాయని, అన్నీ సమానంగా ఉండాలని అడిగింది. గుప్పెడు చాలు. ఈ పుచ్చుగింజల్లోంచి మంచివి గుప్పెడు ఏరితే చాలు! ఈ ఊళ్ళో పుట్టి, ఈ ఇంట్లో పెరిగి, సగం సంచి పంపడం ఇక్కడ ఎంత తలవంపో ఎలా మరిచిపోయింది? పెద్దమ్మ మాత్రం ఆ పరీక్ష, ఒడ్డు కొలవడానికి నీలం పడవలో వచ్చినవాళ్ళు చెట్ల కింద ఏరుకుపోయిన గింజలతో జరిగిందనుకుంటోంది. అనుకోక ఏం చేస్తుంది, తనతో ఎవరు చెప్పారని?

టీ పొంగి పొయ్యి ఆరిపోయింది. ఉనాయిసి లేచి పరుగులాంటి నడకతో ఎరోని మామ ఇంటికి వెళ్ళింది. ఎరోని ఆమె అమ్మకి తమ్ముడు, ఊరి పెద్ద తరఫున నలుగురిలో మాట్లాడేవాడు. ఇంటి ముందు వల బాగుచేసుకుంటున్నాడు. ఆమె చెప్పిందంతా తలెత్తకుండా విన్నాడు. వినేకొద్దీ దారం లాగే చెయ్యి నెమ్మదించి, చివరికి ఆగిపోయింది.

"రేపు ఆపు మామా. నెల ఆగమను. సగం బుట్ట ఉంది, మళ్ళీ చేస్తాను. నేను నీ మేనకోడల్ని. మేనకోడలు నోరు విడిచి అడిగితే కాదనకూడదు నువ్వు."

"అడుగు తల్లీ. నా పడవ అడుగు, నా పందుల్నడుగు, ఈ ఇల్లడుగు, ఇప్పుడే లేచి బయటికి నడుస్తాను. తోపు నాది కాదుగా ఇవ్వడానికి. తంబువా పుచ్చుకున్నాం. ఈ చేతుల్తోనే పుచ్చుకున్నాను, ముద్దు పెట్టుకుని మరీ మాటిచ్చాను."

"వాళ్ళు హోటలు వాళ్ళు! వాళ్ళకి తంబువా అంటే ఏం తెలుసు? తిమింగిలం పన్ను ఎక్కడో కొనుక్కొచ్చి ఇచ్చారు."

"వాళ్ళకి తెలియదే. మనకి తెలుసుగా" అన్నాడు ఎరోని. "కాగితమైతే చింపి పొయ్యిలో పెట్టేవాణ్ణి. పన్ను చేతులు మారాక మాట వెనక్కి తీసుకున్న ఊరు ఏదైనా ఉందేమో చెప్పు. అలా తీసుకుంటే రేపు మన పెళ్ళికీ చావుకీ ఎవరొస్తారు?"

"అయితే ఇంతేనా?"

"ఇంకో మాట." అతను గొంతు తగ్గించాడు. "నువ్వు రేపు నలుగురిలో లేచి ఇది చెప్పావనుకో. చెట్లు ఆగవు. కానీ ఊరు అడుగుతుంది, కోరోసా గింజలు ఎవరు పంపారని. తోపుని తన చేత్తో అమ్ముకున్న మనిషిగా మిగిలిపోతుంది మా అక్క. ఆ ముసలిది అది మోస్తుందా? ఆలోచించుకో."

ఉనాయిసి తోపులోంచి నడిచి వచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారే, ఆమెకి పట్టుకోవడానికి ఆ ఆకులు కూడా మిగల్లేదు. ఊరితో చెప్పకూడదు, సరే. పెద్దమ్మతో? చెప్పకపోతే బతుకంతా ఉత్త నూనె రాశానని కుమిలి చస్తుంది. చెబితే తోపు నా మూలంగా పోయిందని కుమిలి చస్తుంది. జంట చెట్టు దగ్గర ఆగి, సున్నం గీత మీద చెయ్యి పెట్టి, ఏడవాలనుకుంది. ఏడుపు కూడా రాలేదు.

ఇంటికి వచ్చేసరికి దీపం ఇంకా వెలుగుతూనే ఉంది.

"పెద్దమ్మా, నూనె ఉత్తది కాదు."

సెరెయిమా తలెత్తింది.

"తప్పు నాది. పరీక్షకి మన గింజలు వేరే వచ్చాయి, కోరోసావి వేరే వచ్చాయి. దంచేటప్పుడు నేను తారుమారు చేశాను. చూసుకోలేదు. కోరోసావే రెండుసార్లు పరీక్ష చేసి, మనవి కూడా అంతేనని రాసేశాను. మన నూనె మంచిదే. ఇదిగో, నా చెయ్యి చూడు."

పెద్దమ్మ చెయ్యి చూడలేదు. ఉనాయిసి ముఖంలోకే చూసింది. తర్వాత వంగి, ఉఫ్ అని దీపం ఆర్పేసింది. రేకు దీపంలో మిగిలిన నూనె ఒక్క చుక్క కూడా కిందపడకుండా సీసాలోకి వంచింది.

"రేపు కొడతారని తెలిసి ఇప్పుడు చెబుతున్నావా?"

"ఇవాళే తెలిసింది పెద్దమ్మా. మామని అడిగాను. తంబువా పుచ్చుకున్నారట, కుదరదన్నాడు."

"నీ బొడ్డుతాడు నా చేత్తో పాతానే అక్కడ. మీ అమ్మ అవతల చల్లబడి పడుంటే, నిన్ను ఒక చేత్తో ఎత్తుకుని, ఇంకో చేత్తో గొయ్యి తవ్వాను." ఆవిడ గొంతు వణకలేదు. అందుకే భయమేసింది ఉనాయిసికి. "చూసుకోలేదట. చూసుకోవడానికే కదే నిన్ను చదివించింది."

"పెద్దమ్మా..."

"నాతో మాట్లాడకు."

ఆవిడ గుమ్మంలోకి వెళ్ళి, వీధిలో పోయే ఎవరినో పిలిచి, అపిసాయిని రమ్మనమని కబురంపింది. ముసలాయన వచ్చాడు. సీసాలో ఉన్న నూనె అంతా ఆ మోకాలికే సరిపోయింది. "ఏమైంది, యంత్రం మాట మార్చిందా?" అని అతను వేళాకోళం చేస్తే, "యంత్రం మంచిదే, మనుషులే మంచివాళ్ళు కారు" అంది సెరెయిమా. ఆ చేతులు మళ్ళీ ఎప్పటిలాగే తిరుగుతున్నాయి. ఉనాయిసి మూల చాప మీద పడుకుని అది చూస్తూ ఉంది. తిట్టినా సరే, ఒక్కసారి ఇటు తిరిగి తిడితే చాలనిపించింది. ఆవిడ తిరగలేదు.

ఒక్కటే ఆశ మిగిలింది. అటక మీద సగం బుట్ట. ఎర్ర దిలో గింజలు చేతికందేవి ఇంక అవే. ఎండిపోయినవి గనక మొలకెత్తవు, నిజమే. కానీ గుప్పెడు పట్టుకెళ్ళి పరీక్ష చేసి, ఇది గొప్పదని రాసి, ఆ కాగితం తెచ్చి పెద్దమ్మ చేతిలో పెట్టొచ్చు. చెట్లు రావు, ఆవిడ అరవయ్యేళ్ళ పనికి మాత్రం సాక్ష్యం ఉంటుంది. కోపం చల్లారనిచ్చి పొద్దున అడుగుదామనుకుంది. అడక్కుండా తీసుకోవడానికి చెయ్యి రాలేదు.

పొద్దున లేచేసరికి పెద్దమ్మ చాప మడిచి ఉంది. వంటపాకలో లేదు, తోటలో లేదు. అటక మీద బుట్ట కూడా లేదు. పారబోసిందేమో అనుకుంది ఉనాయిసి. పందుల దొడ్డి దాకా వెళ్ళి వెతికింది. అంతలో ఒడ్డు నుంచి రంపం మోటారు చప్పుడు మొదలైంది. ఆడవాళ్ళు వరసగా కూర్చుని చర్చిలో పాడే పాటే అక్కడ పాడుతున్నారు. మొదటి చెట్టు నీళ్ళలోకి వాలినప్పుడు పాట ఒక్క క్షణం ఆగి, మళ్ళీ సాగింది. వాళ్ళలోనూ పెద్దమ్మ లేదు.

ఎండ బాగా ఎక్కాక కెలెరా పడవ వచ్చింది. ఉనాయిసి సంచి భుజాన వేసుకుని మోకాలి లోతు నీళ్ళలోకి దిగింది. పడవలో వెడల్పాటి ఆకులు కప్పి, నారతో మూతి కట్టిన తాటాకు బుట్ట ఉంది. ఆ బుట్ట ఆమెకి తెలుసు.

"మీ పెద్దమ్మ తెల్లారకముందే అపిసాయి కొడుకు పడవలో మా ఇంట్లో దిగిందే" అంది కెలెరా. "ఏం చేశావో గానీ నీ మీద కత్తులు నూరుతోంది. నీ ముఖం చూడనంది, నువ్వు వెళ్ళిపోయాకే ఇంటికి పోతానంది. కానీ ఇది నీకివ్వమంది. మా ఎర్ర దిలో ఏపాటిదో ఈసారైనా సరిగ్గా తేల్చమను, మళ్ళీ తారుమారు చెయ్యొద్దని చెప్పు అంది."

ఉనాయిసి బుట్ట ఒళ్ళోకి తీసుకుంది. బరువుగా ఉంది.

"నిన్న సగం కూడా లేవు కదా, వదినా?"

"లేవు మరి. ఎంత కోపమొస్తే మాత్రం పెంచిన పిల్ల చేతిలో సగం బుట్ట పెట్టి పంపుతుందా? మా అటక మీద మిగిలినవి కూడా దులిపి పోసుకుంది. కలిసిపోవా అంటే, కలిస్తే ఎర్రదాని సత్తువ ఎక్కడికి పోతుంది, యంత్రం పట్టేస్తుందిలే అంది. నేను తిట్టాననుకో, మా ఇంట్లో ఎలకలకైనా మిగల్చవే ముసలిదానా అని. ఇంకా విను, దానికి చెయ్యి కాలింది, దంచుకోలేదు అని, అన్నీ కలిపి రోట్లో పోసి మా చేతే దంచించింది. నేనూ అత్తా మా చెల్లీ, పొద్దున్నించీ అదే పని. నా భుజాలు పడిపోయాయి."

ఉనాయిసి నార విప్పింది. బుట్ట అంచుదాకా మెత్తగా దంచిన గోధుమరంగు పొడి. వేళ్ళు దించింది. పొడి జిగటగా చేతికంటుకుంది. ఎర్రదేదో తెల్లదేదో దేవుడు దిగి వచ్చినా విడదియ్యలేడు. మణికట్టు మీద కాలినచోట ఎరుపు పూర్తిగా తగ్గిపోయింది, చర్మం ముడతపడి మానుతోంది.

వెనక ఇంకో చెట్టు వాలింది. అది జంట చెట్టు అవునో కాదో చూడటానికి ఆమె తల తిప్పలేదు.

"బాగా మెత్తగా వచ్చిందా?" అంది కెలెరా.

"వచ్చింది వదినా" అంది ఉనాయిసి, బుట్ట మీద ఆకులు మళ్ళీ కప్పుతూ. "పోనియ్యి."